రోగులు కోరిన పాటలు: ఒక ఆసుపత్రి రేడియో సేవపై సమీక్ష

కిందటి శీతాకాలంలో మంచు గడ్డకట్టిన కాలిబాట మీద జారిపడి మోకాలి కింది ఎముక విరగడంతో, ఇంగ్లండులోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఎముకల వార్డులో 11 రోజులు ఉండవలసి వచ్చింది. అక్కడి వైద్యం గురించి చెప్పడానికి వైద్యం తెలిసినవారే తగినవారు. ఆ 11 రోజుల్లో ప్రతి సాయంత్రం ఏడు గంటలకు నేను ఎదురుచూసిన ఆసుపత్రి రేడియో గురించి, అందులోనూ రోగులు కోరిన పాటలు వేసే రెండు గంటల కార్యక్రమం గురించి మాత్రం శ్రద్ధగా రాయాలని అక్కడ ఉన్నప్పుడే అనుకున్నాను.

ఈ సేవ గురించి విననివారి కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి. అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో 1919లోనే ఇటువంటి ప్రయత్నం జరిగినా, ఆసుపత్రి రేడియో నిజంగా వేళ్లూనుకున్నది బ్రిటన్‌లోనే. 1920ల మధ్యలో యార్క్ కౌంటీ హాస్పిటల్‌లో మంచాల పక్కన హెడ్‌ఫోన్లు అమర్చి చర్చి ప్రార్థనలు, ఆటల విశేషాలు వినిపించడంతో అక్కడ ఇది మొదలయింది. ఆ తరువాత కొన్ని దశాబ్దాల పాటు స్థానిక ఫుట్‌బాల్ మ్యాచ్‌ల వ్యాఖ్యానమే చాలాచోట్ల ప్రధాన ఆకర్షణగా ఉండేది. కోరిన పాటల కార్యక్రమం తరువాత వచ్చి తక్కినవాటిని పక్కకు జరిపింది. ఈ కేంద్రాలన్నింటికీ కలిపి 1970లో ఏర్పడిన జాతీయ సంఘమే నేటి హాస్పిటల్ బ్రాడ్‌కాస్టింగ్ అసోసియేషన్. కేంద్రాలు సాధారణంగా దేనికది ఒక ధార్మిక సంస్థ. పనిచేసేవారు స్వచ్ఛందంగా వచ్చేవారు. ఖర్చులు చందాల మీద, విరాళాల మీద నడుస్తాయి. బీబీసీలో దశాబ్దాల పాటు లక్షలమంది విన్న కెన్ బ్రూస్ కూడా గ్లాస్గో ఆసుపత్రి రేడియోలోనే మైకు ముందు కూర్చోవడం నేర్చుకున్నారు.

నేను ఉన్న ఆసుపత్రిలో ఈ సేవ స్టూడియోలో కాకుండా వార్డులో మొదలవుతుందని చెప్పాలి. సాయంత్రం అయిదున్నర దాటాక నీలం రంగు స్వెట్టరు వేసుకున్న ఒక పెద్దావిడ వచ్చేవారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలని తరువాత తెలిసింది. ఆవిడ ముందు నర్సుల బల్ల దగ్గర ఆగి ఎవరు నిద్రపోతున్నారో, ఎవరి దగ్గరికి వెళ్లకూడదో, అంటువ్యాధి వల్ల మూసిన గది ఏదైనా ఉందో కనుక్కుని, చేతులకు క్రిమినాశని రాసుకుని, చీటీలు పెట్టుకున్న అట్టను కూడా తుడిచి, అప్పుడే మంచాల మధ్యకు వచ్చేవారు. కుర్చీ లాక్కుని కూర్చుని వాన గురించో, కిటికీలోంచి కనబడే చెట్టు గురించో రెండు మాటలు మాట్లాడాక గానీ పాట సంగతి ఎత్తేవారు కాదు. రోగికి ఏమైందని అడగకూడదన్నది వారికి శిక్షణలో చెప్పే నియమమట. ఉదయం నుంచి రాత్రి వరకు వచ్చిన ప్రతివారూ నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత ఉందని అడిగే చోట, నా కాలితో సంబంధం లేని ప్రశ్న ఒకటి వినబడేది రోజు మొత్తంలో అదొక్కసారే. ఈ సేవకు నేను ఇచ్చే మార్కుల్లో ఎక్కువ భాగం ఆ కుర్చీకే చెందుతుంది.

చీటీ అరచేయంత ఉంటుంది. అందులో పేరు, వార్డు, పాట, గాయకుడు, ఎవరికోసం అన్న అయిదు గళ్లే ఉంటాయి. ఇంటిపేరు రాయరు, మంచం సంఖ్య ప్రసారంలో చదవరు, జబ్బు పేరు ఎక్కడా రాదు. అయిదో గడి ఖాళీగా ఉన్న చీటీ తాను చాలా తక్కువగా చూశానని ఆవిడ అన్నారు. భార్యకోసం, వార్డు మారిపోయిన పక్కమంచం స్నేహితునికోసం, రాత్రి డ్యూటీ నర్సుకోసం, ఇంట్లో ఒంటరిగా ఉన్న కుక్కకోసం కూడా రాయిస్తారట. ఆకాశవాణిలో కోరిన పాటలు విని పెరిగిన నాకు, పాట కంటే ముందు వచ్చే పేర్ల కోసం చెవులు నిక్కించడం కొత్తేమీ కాదు. కాకపోతే అక్కడ ఎవరో ఎక్కడో ఉన్న శ్రోతలు. ఇక్కడ పేరు వినబడగానే ఎదురు మంచం మీద దుప్పటి కదులుతుంది.

ఇక పాటలు. నేను ఆసక్తి చూపడంతో నాలుగో రోజున ఆవిడ కొన్ని నెలల కోరికలు రాసి ఉంచిన పుస్తకం తెచ్చి చూపించారు. పేర్లన్నీ మొదటి అక్షరాలే. నేను లెక్క కట్టలేదు, కట్టవలసిన అవసరమూ రాలేదు. పేజీలు తిప్పుతుంటే అవే పేర్లు మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. ఫ్రాంక్ సినాట్రా, ఎల్విస్ ప్రెస్లీ, క్లిఫ్ రిచర్డ్, జిమ్ రీవ్స్, బీటిల్స్, ఆబా, క్వీన్. వీరికి కొంచెం వెనకగా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, వెరా లిన్, బాబ్ మార్లీ, రాబీ విలియమ్స్. మనుషులకు పదేళ్ల నుంచి ముప్పయ్యేళ్ల మధ్య జరిగినవే మలివయస్సులో ఎక్కువగా, స్పష్టంగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఎముకల వార్డులో తుంటి విరిగి పడుకున్న 82 ఏళ్ల మనిషికి 1960ల తొలి సంవత్సరాల్లో ఇరవయ్యేళ్లు. ఆ లెక్క ప్రకారం చూస్తే ఈ జాబితాలో ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు. 1939లో వచ్చిన వెరా లిన్ 'వీ విల్ మీట్ ఎగైన్' యుద్ధకాలపు తరానికి ప్రాణం లాంటి పాట. లిన్ 2020లో 103 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ పాటను యవ్వనంలో విన్నవారు ఇప్పుడు మంచాల మీద కూడా అరుదుగానే మిగిలారు. పుస్తకంలో పాత పేజీల్లో ఎక్కువగా కనబడి కొత్త పేజీల్లో పలచబడిన పేరు అదే. ఆ చోటును ఆబా వారి 'డ్యాన్సింగ్ క్వీన్' తీసుకుంటోంది. 1976లో ఆ పాటకు నాట్యమాడిన పదిహేడేళ్ల అమ్మాయిలు ఇప్పుడు మోకాలి చిప్ప మార్పిడికి వస్తున్నారు.

నా ఎదురు మంచం పెద్దాయన ప్రతిరోజూ జిమ్ రీవ్స్‌నే కోరేవారు. 1964 జూలైలో విమానప్రమాదంలో చనిపోయిన ఆ అమెరికన్ గాయకుని 'డిస్టెంట్ డ్రమ్స్' అనే పాట, ఆయన పోయిన రెండేళ్లకు, 1966లో బ్రిటన్ పాటల అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఆయన గొంతు ఎక్కడా పెరగదు, పాట తొందరపడదు. అరిగిన హెడ్‌ఫోన్లలో కూడా మాట చెదరకుండా వినబడే గొంతు అది. ఆసుపత్రి రేడియోలో నిలిచే గాయకులకు ఈ గుణం ఎంత అవసరమో అక్కడే నాకు అర్థమయింది. వెనక వాద్యాల హోరు ఎక్కువగా ఉన్న పాటలు ఆ చిన్న స్పీకరులో ముద్దగా మారిపోయేవి. 'బొహీమియన్ రాప్సొడీ' దాదాపు ఆరు నిమిషాల పాట. దానిని అడిగిన కుర్రవాడు మధ్య భాగంలో హెడ్‌ఫోన్లు తీసి చేతితో తట్టి మళ్లీ పెట్టుకోవడం చూశాను. ఎల్విస్‌కు ఆ ఇబ్బంది లేదు. బ్రిటన్‌లో ఒక్క కచేరీ కూడా చేయని గాయకుడు, 1960లో స్కాట్లండులోని ప్రెస్ట్‌విక్ విమానాశ్రయంలో కాసేపు ఆగడం తప్ప ఆ నేల మీద అడుగుపెట్టని మనిషి, ఆ దేశపు రోగుల పుస్తకంలో ప్రతి పేజీలోనూ ఉన్నాడు. ఎక్కువమంది అడిగేది 1970 నాటి 'ది వండర్ ఆఫ్ యూ'. ఎవరికోసం అన్న గడిలో దాదాపు ఎప్పుడూ భార్య పేరే.

'యూ విల్ నెవర్ వాక్ అలోన్' గురించి వేరే చెప్పాలి. 1945లో ఒక సంగీత నాటకం కోసం రాసిన ఈ పాటను 1963లో జెర్రీ అండ్ ది పేస్‌మేకర్స్ పాడాక లివర్‌పూల్ ఫుట్‌బాల్ అభిమానులు సొంతం చేసుకున్నారు. 2020 ఏప్రిల్‌లో, నూరో పుట్టినరోజుకు చేరువలో ఉన్న కెప్టెన్ టామ్ మూర్ తన ఇంటి తోటలో నడిచి ఆరోగ్య సేవల ధార్మిక నిధికి డబ్బు పోగుచేసినప్పుడు, గాయకుడు మైకేల్ బాల్‌తోనూ ఆరోగ్య సిబ్బంది బృందగానంతోనూ కలిసి పాడి మళ్లీ మొదటి స్థానానికి తెచ్చింది ఈ పాటనే. మా వార్డులో దీనిని కోరేవారు రెండు రకాలు. ఫుట్‌బాల్ అభిమానులు ఒక రకం. ఫిజియోథెరపిస్టు మొదటిసారి ఊతకర్రలతో నిలబెట్టబోతున్న రోజుకు ముందు సాయంత్రం అడిగేవారు రెండో రకం. నేను రెండో రకంలోని వాణ్ని. ఒంటరిగా నడవవు అన్న మాటను పక్కన ఇద్దరు పట్టుకుంటే గానీ నడవలేని మనిషి వినడం వేరు. ఆ రాత్రి ఆ పాట వస్తుంటే ఎవరూ మాట్లాడలేదు.

పుస్తకంలో నన్ను ఎక్కువసేపు ఆపినది సినాట్రా 'మై వే'. ఒక ఫ్రెంచి పాట బాణీకి పాల్ ఆంకా ఇంగ్లీషు మాటలు రాయగా సినాట్రా పాడిన ఈ పాట 1969లో వచ్చి, బ్రిటన్‌లో మొదటి నలభై పాటల్లో 75 వారాలు నిలిచింది. అదే దేశంలో అంత్యక్రియలకు ఎక్కువగా ఎంచుకునే పాటల్లోనూ ఇది ముందు వరుసలో ఉంటుంది. అంతం దగ్గరపడిందన్న మాటతోనే మొదలయ్యే పాటను ఆసుపత్రిలో వేయవచ్చా? ఈ ప్రశ్న వ్యాఖ్యాతలకు కొత్తది కాదు. తమంతట తాముగా ఎన్నడూ వేయబోమనీ, రోగి కోరితే మాత్రం కాదనబోమనీ ఆవిడ చెప్పారు. కోరినప్పుడు దానిని కార్యక్రమం చివర ఉంచరు. దాని వెంటనే తేలికైన పాట ఒకటి వచ్చేలా చూస్తారు. ఈ పద్ధతి నాకు సరైనదిగా తోచింది. రోగికి ఏది వినే ధైర్యం ఉందో రోగికే తెలుస్తుంది. అడిగిన పాటను అతని మేలు పేరుతో దాచిపెడితే, రోజంతా ఇతరులు తన తరఫున నిర్ణయాలు తీసుకుంటున్న మనిషికి మిగిలిన ఒక్క నిర్ణయమూ తీసేసినట్లవుతుంది. ఏడో రోజున ఆ పాట కోరినాయన ఎవరో మాకు తెలియదు. పై అంతస్తులోని వార్డు పేరు మాత్రమే చదివారు. ఆయన గడిలో రాయించిన మాట 'నాకోసమే'. వ్యాఖ్యాత దానిని అలాగే చదివి, ఇంకేమీ జోడించకుండా పాట వేశారు.

అడగకుండా వేయని పాటలు మరికొన్ని ఉన్నాయట. క్వీన్ వారి 'అనదర్ వన్ బైట్స్ ది డస్ట్' (మరొకడు మట్టికరిచాడు) వాటిలో ఒకటి. గుండె ఆగినప్పుడు ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి కాబట్టి, దాదాపు అదే వేగంతో నడిచే బీ జీస్ 'స్టేయిన్ అలైవ్' పాటను గుర్తుంచుకోమని శిక్షణలో చెబుతారు. క్వీన్ పాట వేగం కూడా ఆ పరిధిలోనే ఉన్నా, మాటల అర్థం వల్ల దాని పేరు ఎవరూ ఎత్తరు.

ప్రసూతి వార్డు కోరికలు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటాయి: 1968లో ఐరోపా దేశాల పాటల పోటీ అయిన యూరోవిజన్‌లో ఒక్క మార్కు తేడాతో రెండో స్థానం పొందిన క్లిఫ్ రిచర్డ్ 'కంగ్రాచులేషన్స్', ఆ తరువాత స్టీవీ వండర్ 'హ్యాపీ బర్త్‌డే'. పిల్లల వార్డుకు మధ్యాహ్నం వేరే అరగంట ఉంది. దానిని నేను వినలేదు.

లోపాలు కూడా ఉన్నాయి, అవి చిన్నవి కావు. మంచం పక్కన వేలాడే టీవీ తెరలో రేడియో చానల్ ఎక్కడుందో కనుక్కోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. నాలుగు మెనూలు దాటాక గానీ అది కనబడదు. చేతులు వణికే వృద్ధునికి అది ఉన్నా లేనట్లే. మొదట నాకు ఇచ్చిన హెడ్‌ఫోన్లలో ఎడమ చెవి మాత్రమే పనిచేసింది. కుడివైపు మెత్త ఊడిపోయి ప్లాస్టిక్ అంచు చెవికి గుచ్చుకునేది. మార్చి ఇవ్వమంటే, అవి ఆసుపత్రివి కావని, రేడియోవారివీ కావని, తెరలు నడిపే సంస్థవని చెప్పారు. మూడుచోట్ల అడిగినా ఎవరి బాధ్యతో తేలలేదు. ఫోనులో వైఫై ద్వారా వినవచ్చునని గోడమీద కాగితం అంటించారు గానీ, నా మంచం ఉన్న మూలకు ఆ సంకేతం సరిగా అందేది కాదు. ఇంత శ్రమపడి పాటలు ఎంచి, పేర్లు పొల్లుపోకుండా చదివే మనుషుల కష్టం చివరి మూడడుగుల తీగలో వృథా అవుతుంటే చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు. ఇంటికి వచ్చిన వారంలోనే ఆసుపత్రికి ఉత్తరం రాశాను.

రెండో లోపం పాటల భాండారానికి సంబంధించినది. మా వార్డు నర్సుల్లో మలయాళం మాట్లాడేవారున్నారు, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవారున్నారు. రోగుల్లో పంజాబీ, పోలిష్ మాట్లాడేవారున్నారు. పుస్తకంలో మాత్రం ఇంగ్లీషు కాని పాట కోసం వెతకవలసి వచ్చింది. దొరికినవి రెండో మూడో. ఇతర భాషలవారు అడగరని ఆవిడ అన్నారు. ఉండదనుకున్నది ఎవరూ అడగరని నేను అన్నాను. అయితే మీరు అడగండి అన్నారావిడ, పెన్సిలు చేతికిచ్చి.

నేను 'పాడుతా తీయగా చల్లగా' అడిగాను. ఆత్రేయ రచన, మహదేవన్ సంగీతం, ఘంటసాల గళం. 1964 నాటి 'మూగమనసులు' చిత్రంలోని పాట. నిద్రపట్టని వార్డులో కోరడానికి అంతకంటే తగిన పాట నాకు తోచలేదు. ఆవిడ పాట పేరును నాచేత మూడుసార్లు పలికించుకుని, విన్నది విన్నట్లు ముక్కలుగా విడదీసి రాసుకున్నారు. 'తీయగా'లోని దీర్ఘం ఎక్కడ వస్తుందో అడిగి దానికింద గీత గీశారు. ఆ రాత్రి పాట రాలేదు. భాండారంలో దొరకలేదని, వెతుకుతున్నామని వ్యాఖ్యాత నా పేరు చెప్పి ప్రసారంలోనే క్షమాపణ కోరి, బదులుగా ఆర్మ్‌స్ట్రాంగ్ 'వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్' వేశారు. 1968లో ఆ పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరేనాటికి ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 66 ఏళ్లు. అది మంచి పాటే. నేను కోరినది మాత్రం కాదు.

అడిగిన మూడో రాత్రి, తొమ్మిదికి పది నిమిషాలు ఉందనగా, నా పాట వచ్చింది. వ్యాఖ్యాత పేరును దీర్ఘంతో సహా సరిగ్గా పలికారు. ఒక్క ఎడమ చెవికే వినబడినా, ఘంటసాల గొంతు ఆ గదిలో, ఆ మందుల వాసనలో, సెలైన్ సీసాల మధ్య వినబడగానే నేను కళ్లు మూసుకోవలసి వచ్చింది. పాట అయ్యాక ఎదురు మంచం పెద్దాయన హెడ్‌ఫోన్లు పైకెత్తి ఇది ఏమి చెబుతుందని అడిగారు. పసిపాపలా నిద్రపొమ్మంటుందని చెప్పాను. జిమ్ రీవ్స్ కూడా అదే చెబుతాడని ఆయన అన్నారు. మరునాడు రాత్రి డ్యూటీలో ఉన్న కేరళ నర్సు తనకూ ఒక పాట కావాలని చీటీ అడిగి తీసుకుంది.

నా అంచనాలో మనుషుల పనికి అయిదుకు అయిదు, పరికరాలకు రెండు, పాటల ఎంపికకు మూడున్నర. మహమ్మారి కాలంలో వార్డుల్లోకి రానివ్వనప్పుడు ఇటువంటి కేంద్రాల్లోని సేవకులు ఇళ్లనుంచే కార్యక్రమాలు తయారుచేసి, కోరికలను ఫోను ద్వారా, ఈమెయిల్ ద్వారా తీసుకున్నారు. ఆ సౌకర్యం ఇప్పటికీ ఉంది, ఇంట్లోవారు కూడా దాని ద్వారా రోగికోసం పాట కోరవచ్చు. కానీ ఫోను కోరికలతోనే నడిపించి వార్డు తిరగడం తగ్గించాలన్న ఆలోచన ఎక్కడైనా ఉంటే అది మానుకోవాలని గట్టిగా చెబుతాను. నేను ఫోను చేసి ఘంటసాలను అడిగి ఉండేవాణ్ని కాదు.

ఇటువంటి వార్డులో ఉండవలసి వచ్చిన తెలుగువారు సొంత ఇయర్‌ఫోన్లు తెప్పించుకోవడం మంచిది. పాట కోరేటప్పుడు పల్లవిలోని మొదటి మాటలు, సినిమా పేరు, సంవత్సరం, గాయకుని పేరు ఇంగ్లీషు అక్షరాలలో పెద్దగా రాసి ఇవ్వండి. ఒకే మాటలతో మొదలయ్యే పాటలు మనకు చాలా ఉన్నాయి, వెతికేవారికి ఏది మీదో తెలియదు. దొరకడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు కనుక, ఇంటికి పంపే తేదీ వైద్యులు చెప్పేదాకా ఆగకుండా, చేరిన మొదటి సాయంత్రమే అడగండి.